పక్కమనిషి మాట

నమోదు 1

మాట విని రాసిపెట్టే రాతమరతో అర్జీ పెట్టుకునే ప్రతి సంఘమూ, ఆ అర్జీ ఎలా తయారైందో మనిషి చేత్తో రాసిన రోజువారీ వివరం జతచేయాలని మీ చలవ బోర్డు నియమం. అందులో మర చెయ్యి పడకూడదట. ఎక్కడో ఎవరో మరతో దొంగ అర్జీలు కుప్పలుగా పుట్టించారట. వాళ్ళు చేసిన పాపానికి, పొద్దున్నించి తూకాలు చూసి చూసి నొప్పెట్టిన చేత్తో నేనిక్కడ కలం పట్టుకోవాలి. దీన్ని మీరు చదువుతారన్న నమ్మకం నాకు లేదు. అయినా నియమం నియమమే కాబట్టి రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. తొడిమల కాలనీ మహిళా సంఘానికి కార్యదర్శిని. మా కాలనీ గుంటూరు శివార్లలో, మిరపకాయలు దాచే ఏసీ గోడౌన్ల వెనక ఉంది. మేమంతా మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తాం. లోకంలో పనులన్నీ మరలు పట్టుకుపోయాయి గానీ కాయ చిట్లకుండా తొడిమ తీయడం వాటికింకా చేతకాలేదు. తెల్లారకముందే కళ్ళంలో కూర్చుంటాం, ఎండ ముదిరిందని సైరన్ మోగగానే లేస్తాం. సైరన్ తర్వాత వీధిలో కనబడితే జరిమానా. ఇంట్లో ఉంటే ఇనపరేకుల కింద ఉడికిపోవాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా నాయనమ్మ అనేది. ఇప్పుడవి రోహిణి దాకా ఆగడం లేదు, హోళీకే పగులుతున్నాయి.

అందుకే కదా మీరే చట్టం చేశారు, ప్రతి ఏసీ గోడౌనూ సైరన్ మోగినప్పటినుంచి పొద్దు వాలేదాకా ఒక గది జనానికి విడిచిపెట్టాలని. మా చలవగది అలా వచ్చిందే. ఇప్పుడు గోడౌన్ వాళ్ళు మీకు దరఖాస్తు పెట్టుకున్నారు. ఈ కాలనీలో వేడి బాధితులెవరూ లేరట, గది ఊరికే పడి ఉంటోందట, దాన్ని కూడా మిరప బస్తాలకు ఇప్పించమని. కాయల రంగు పోతుందని వాళ్ళ దిగులు. అభ్యంతరాలుంటే నెలాఖరులోగా చెప్పమన్నారు మీరు.

ఉన్నాయి. నా ఆడపడుచు సువార్తకు నిరుడు వడదెబ్బ తగిలింది. బతికింది గానీ అప్పట్నుంచి ఆమె ఒంటికి చెమట పట్టదు. చెమట పట్టకపోతే లోపలి వేడి బయటికి పోయే దారి ఉండదు, మధ్యాహ్నాలు చల్లని చోట ఉంచకపోతే ఈసారి దక్కదు అని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. ఆ గది పోతే సువార్త పోతుంది. నా అభ్యంతరం అదీ.

నమోదు 2

సాయంత్రం పలక పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. పలకలో ఉన్న రాతమరను మేం గుమాస్తా అంటాం. పైవీధి సంఘం వాళ్ళు కొత్తది కొనుక్కుని పాతది మాకిచ్చారు. అద్దం పగిలింది గానీ బుర్ర బాగానే పనిచేస్తుంది. మనం మాట్లాడితే వింటుంది, దాచుకుంటుంది, అందులోంచి అర్జీ అల్లుతుంది.

అందరూ చక్కగా మాట్లాడారు. తల ప్రాణం తోకకు రావడం ఆ తర్వాత మొదలైంది.

సువార్తను అడిగాను. "నీకు ఎట్టా ఉంటందో చెప్పు, ఇందులోకి చెప్పు."

"నాకేముంది వదినా, బానే ఉన్నా. పాపం మస్తాన్‌బీకే బాలేదు. రెండ్రోజుల్నించి ఒంటేలు సరిగా రావట్లా. మాట తడబడతంది. కాయ పట్టుకుంటే చేతిలోంచి జారిపోతంది. ఆమె సంగతి రాసుకో."

మస్తాన్‌బీ మా గోడకు ఆనుకున్న ఇంట్లోనే ఉంటుంది. యాభై దాటిన మనిషి. భర్త నాగుల్‌మీరా లారీ మీద తిరుగుతుంటాడు. ఆమెను అడిగాను.

"నేనెట్టాగైనా ఉంటాలే ఎస్తేరూ. మీ సువార్త సంగతే నాకు భయంగా ఉంది. చెమట పట్టదు ఆ పిల్లకి. ఆ గది తీసేస్తే నాలుగు రోజులు కూడా ఉండదు."

వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఇదే వరస. ప్రతి మనిషీ పక్కమనిషి సంగతే చెప్పింది. తన సంగతి ఒక్కరూ చెప్పలేదు.

ఇది మీకు అర్థం కాదు, అందుకని చెబుతున్నాను. కళ్ళంలో ఇద్దరిద్దరం జతగా కూర్చుంటాం. "నాకు బాలేదు" అన్న మనిషికి మేస్త్రి మర్నాడు పని ఇవ్వడు, పని ఎగ్గొట్టే సాకంటాడు. అదే జత మనిషి "దీనికి కళ్ళు తిరుగుతున్నాయి, కాసేపు నీడన కూర్చోబెట్టు" అంటే ఒప్పుకుంటాడు. ఎందుకంటే ఆ కాసేపూ రెండో మనిషి వాటా కూడా ఆ జతే లాగాలి. పని తన నెత్తినేసుకుని ఎవరూ అబద్ధం చెప్పరు. మా అమ్మలు అలాగే బతికారు, మేమూ అంతే. సొంత నోటితో సొంత జబ్బు చెప్పుకోవడం మాలో పరువు తక్కువ. సువార్తకు జత మస్తాన్‌బీ. నేను తూకం దగ్గరికి మారినప్పట్నుంచి నాకు జత లేదు.

ఏదైతేనేం, మాటలన్నీ గుమాస్తా దగ్గర పడ్డాయి. అర్జీ చదివి వినిపిస్తే నాకే కళ్ళనీళ్ళు తిరిగాయి. పంపించేశాను.

నమోదు 3

అర్జీ తిరిగొచ్చింది. "సమర్పించిన వాంగ్మూలాలన్నియు పరోక్ష కథనములు. ఏ ఒక్కరును తాము బాధితులమని పేర్కొనలేదు. బాధితులు లేని చోట అభ్యంతరము నిలువదు."

చదివి ఆ పలకను గోడకేసి కొడదామనుకున్నాను. పగిలిన అద్దమే కదా, ఇంకేం పగులుతుంది. వీధి వీధంతా బాధ చెబుతుంటే బాధితులు లేరంటారేమిటి? చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

"గుమాస్తా, దీనికేం చేయాలి?"

"ప్రతి ఒక్కరూ తమ అనుభవాన్ని ఉత్తమ పురుషలో, అంటే 'నేను' అని చెప్పడం అవసరం. చిన్న శిక్షణ సమావేశం పెడితే ఉపయోగపడవచ్చు" అంది. దానికి కోపం రాదు, అలుపు రాదు. దాన్ని చూస్తే నాకు రెండూ ఎక్కువవుతాయి.

పెట్టాను సమావేశం. చలవగదిలోనే, అందరూ చాపల మీద కూర్చుని ఉండగా. ముందు వరసలో ఉన్న కరుణమ్మను లేపాను.

"'నాకు కళ్ళు తిరుగుతున్నాయి' అను."

"ఎవరికి?"

"నీకే."

"నాకెందుకు తిరుగుతాయి? నిన్న పడిపోయింది రాహేలు గదా."

"మొన్న నువ్వు కూడా పడ్డావు. నేను చూశా."

"అది పడటమా? కూర్చున్నా అంతే" అంది కరుణమ్మ. వెనక నుంచి రాహేలు, "అక్కా, నువ్వు పడ్డావు, నేనే గదా నీళ్ళు కొట్టింది" అంది. ఇంకేం, గది గదంతా నవ్వు. నవ్వుతూనే ఒకరి సంగతి ఒకరు బయటపెట్టుకున్నారు. ఒక్క నోట 'నేను' అన్న మాట వస్తే ఒట్టు.

సువార్తను పక్కకు పిలిచి బతిమాలాను. "ఒక్క ముక్క అనవే. 'నాకు చెమట పట్టదు' అను. అంతే."

"అది మస్తాన్‌బీ చెప్పింది గదా వదినా. మళ్ళీ నేనెందుకు, ఎవరన్నా వింటే దీనికి రోగమొచ్చిందంటారు. రేపు మేస్త్రి కాయ ఇవ్వడు."

"మేస్త్రి సంగతి నేను చూసుకుంటా."

"నీదేం పోయిందిలే వదినా, తూకం దగ్గర కూర్చుంటావు" అని వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆమె ప్రాణం కోసం నేను చస్తుంటే ఆమెకు పరువు కావాలి.

నమోదు 4

రేపటితో గడువు. ఈ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను గుమాస్తాను అడిగాను, వీళ్ళు చెప్పిన మాటల్నే 'నేను' అని మార్చగలవా అని.

"మార్చగలను. అయితే అలా మారిస్తే, చెప్పినవారి పేరు మీదే ఆ బాధ నమోదవుతుంది. ఉదాహరణకు సువార్త గారు మస్తాన్‌బీ గారి గురించి చెప్పిన లక్షణాలు సువార్త గారివిగా కనిపిస్తాయి. బాధ అసలు ఎవరిదో వారి పేరు మీదికే మార్చడం మేలు. కానీ వారి అనుమతి కావాలి."

అనుమతి అడిగితే ఎవరిస్తారు? మస్తాన్‌బీ దగ్గరికి పోయి నీ పేరు మీద నీ జబ్బు రాస్తానంటే "నాకేం జబ్బు" అంటుంది. అదే చెప్పిన మనిషి పేరు మీదుంటే, మాట ఆమె నోటిదే కదా, గొంతు ఆమెదే కదా, అనుమతితో పనిలేదనుకున్నాను. పైగా మీ జాబితాలో సువార్త పేరు ప్రమాదమని ఎర్రగా కనబడితే చాలు, మిగతాది దేవుడు చూసుకుంటాడనుకున్నాను.

"ఎవరి బాధైతే ఏంది? ఈ వీధిదే గదా. మార్చు" అన్నాను.

రెప్పపాటులో మార్చేసింది. పంపాను. గంటలో జవాబొచ్చింది. "అభ్యంతరము స్వీకరించడమైనది. తీవ్ర లక్షణములు గల వారి వద్దకు ఆరోగ్య వాహనము పంపబడును."

వీధిలో అందరికీ చెప్పాను. రాహేలు నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. మస్తాన్‌బీ వాళ్ళింట్లో బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. తెచ్చేటప్పుడు గుమ్మం తట్టుకుంది. నేను గెలిచిన సంతోషంలో ఉన్నాను, పట్టించుకోలేదు.

నమోదు 5

మీ ఆరోగ్య బండి వచ్చింది. దాంట్లోంచి దిగిన నర్సమ్మ మంచి మనిషే. గొడవంతా ఆమె చేతిలోని జాబితాతోనే.

మొదటి పేరు సువార్తది. ఒంటేలు రాకపోవడం, మాట తడబడటం, చేతిలో పట్టు లేకపోవడం. సువార్త అప్పుడే చలవగదిలోంచి వచ్చింది. నర్సమ్మ ఆమె ముంజేతికి వేడి కొలిచే మీటరు పెట్టింది, బాగానే ఉందన్నట్టు ఆకుపచ్చగా వెలిగింది. మాట్లాడించింది. ఆ మనిషి మాట ఎప్పుడు తడబడింది గనక? గలగలా మాట్లాడింది.

"నాకు కాదమ్మా ఇదంతా. ఆమెకి" అని మస్తాన్‌బీని చూపించింది.

మస్తాన్‌బీ అప్పటికే నర్సమ్మకు స్టూలు వేసి మంచినీళ్ళు తెచ్చి నిలబడింది. ఎండన పడి వచ్చిన మనిషికి నీళ్ళియ్యకుండా ఎలా ఉంటుంది? ఆ నీళ్ళు తను తాగి ఉండాల్సింది.

నేను కలగజేసుకున్నాను. "ఈ పిల్ల సిగ్గుపడుతుందండీ. బాధ ఈమెకే. మీరు రాసుకోండి" అన్నాను. సువార్త వైపు కళ్ళురిమాను.

నర్సమ్మ జాబితా చూసింది. "మస్తాన్‌బీ... ఈవిడకి చెమట పట్టదని ఉంది. ధారగా కారుతోంది కదండీ?"

"ఆమెకి చెమటతో కాదమ్మా బాధ, ఒంటేలు..." అని సువార్త అంటుండగానే మస్తాన్‌బీ అడ్డం పడింది.

"దీని మాట వినబోకండి. నాకేం లేదు. బానే ఉన్నా."

నర్సమ్మ విసుక్కోలేదు గానీ ఆమె మొహంలో నమ్మకం పోయింది. రెండు పేర్ల ఎదురుగానూ 'అవాస్తవం' అని నొక్కి, బండెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం మీ బోర్డు గొంతు ఇంటింటికీ ఫోను చేసింది. అది మనిషి గొంతు కాదని తెలుస్తూనే ఉంది. "మీరు కళ్ళు తిరిగి పడిపోయినట్లు నమోదైంది. నిజమేనా?" అని కరుణమ్మను అడిగింది. "నేనా? లేదమ్మా, పడింది రాహేలు" అంది కరుణమ్మ. రాహేలుకు చేస్తే కరుణమ్మ పేరు చెప్పింది. ఇలా కాలనీ మొత్తం. ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఔనని ఉంటే.

సువార్తను చెడామడా తిట్టాను. "నీ కోసం ఇంత చేస్తే, ఔనని ఒక్క మాట అనలేకపోయావా? నీ నోరు పడిపోయిందా?"

"లేని రోగం ఉందని ఎట్టా చెప్పను వదినా? ఉన్న మనిషి పక్కనే నిలబడుంటే?"

నేను లోపలికొచ్చేశాను.

నమోదు 6

మీ నోటీసు. "తప్పుడు వాంగ్మూలములు సమర్పించినందున విచారణ. అంతవరకు సదరు గది గోడౌన్ యాజమాన్యము ఆధీనంలో ఉండును." గదికి తాళం పడింది.

సువార్తను తడి దుప్పటిలో చుట్టి, మా వంటింటి నేల మీద పడుకోబెట్టి, విసురుతూ కూర్చున్నాను. నా దృష్టంతా ఆమె మీదే. ఆమె మాత్రం గోడ వైపే చెవి పెట్టి ఉంది.

"వదినా, మస్తాన్‌బీ ఇంట్లో గిన్నె చప్పుడు వినపడట్లా."

"పడుకుని ఉంటదిలే."

"పడుకుంటే గురక పెట్టిద్ది. అదీ లేదు."

"నువ్వు కదలబోకు."

ఆమె దుప్పటి విసిరేసి లేచింది. సైరన్ మోగిందని కూడా చూడకుండా బయటికి పోయింది. నేను వెనకే పరుగెత్తాను. మస్తాన్‌బీ తలుపు దగ్గరే పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ మమ్మల్ని చూడటం లేదు.

ఇద్దరం చెరో వైపూ పట్టుకుని గోడౌన్ గేటు దాకా మోసుకుపోయాం. కాపలా కాసే ఆదెయ్య తాళం వైపు చూశాడు, మస్తాన్‌బీ వైపు చూశాడు. "గది తాళం నా దగ్గర లేదమ్మా. బస్తాల తలుపైతే తీస్తా, నా ఉద్యోగం పోతే పోనీ" అని తీశాడు. ఆమెను లోపల మిరప బస్తాల మీద పడుకోబెట్టాం. ఎంత చల్లగా ఉందో ఆ లోపల. ఘాటుకు ముగ్గురం దగ్గుతున్నాం. మస్తాన్‌బీ దగ్గలేదు.

ఆమె అక్కడే పోయింది. నాగుల్‌మీరాకు ఫోను చేసి చెప్పింది సువార్తే.

ఇది చదివే బోర్డు వారికి ఒక మాట. మస్తాన్‌బీ ఒంట్లో ఏం జరుగుతోందో మీకు ముందే తెలుసు. సువార్త చెప్పింది, మొదటి అర్జీలో ఆమె పేరుతోనే ఉంది. మీరు పరోక్షమని తిప్పికొట్టారు. రెండోసారి నేను ఆ బాధ పక్కన ఆమె పేరు కొట్టేసి పంపాను. బండి వచ్చి ఆమె చేతి నీళ్ళు తాగి, ఆమెను చూడకుండా పోయింది. మీదెంతో నాదెంతో పంచుకునే ఓపిక నాకిప్పుడు లేదు. నాకు మీ మీద కోపంగా ఉంది, నా మీద ఇంకా కోపంగా ఉంది.

నమోదు 7

విచారణ. మీ కార్యాలయంలో ఎంత చలో, సువార్తకు దుప్పటి కప్పాల్సి వచ్చింది. విచారణాధికారి పురంధర్ గారు మర్యాదగానే మాట్లాడారు.

"సువార్త గారూ, మీరు బాధితులా?"

"నేను కాదు సార్" అంది. నేను కళ్ళు మూసుకున్నాను.

"మరి ఈ వాంగ్మూలం మీదేనా?"

"మాట నాదే. బాధ నాది కాదు. మస్తాన్‌బీకి బాలేదని చెప్పింది నేను. నా పేరు మీద రాసుకున్నారు. మీ బండి నా దగ్గరికొచ్చింది. నాకు కాదమ్మా, ఆమెకి అని చెప్పినా వినలా. ఇప్పుడు ఆమె లేదు. నేనింక ఎవరి గురించి చెప్పాలి సార్?"

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. అప్పుడు నేను లేచి, వాంగ్మూలాలు మార్పించింది నేనేనని, వీధిలో ఎవరికీ తెలియదని చెప్పాను. అసలు మాటలు పలకలో భద్రంగా ఉన్నాయి, వినమన్నాను. గుమాస్తా వినిపించింది. పగిలిన అద్దం వెనక నుంచి మస్తాన్‌బీ గొంతు వచ్చింది. "నేనెట్టాగైనా ఉంటాలే ఎస్తేరూ. మీ సువార్త సంగతే నాకు భయంగా ఉంది..."

సువార్త దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నిరుడు వడదెబ్బ తగిలినప్పుడు కూడా ఆమె ఏడవలేదు.

"ఈ మాటను బట్టి సువార్తగారికి గది అవసరం ఉందనే అనిపిస్తోంది" అన్నారు పురంధర్ గారు. నాకు ఊపిరొచ్చింది. "కానీ చెప్పినవారు మరణించారు. దీన్ని నిర్ధారించడానికి వీల్లేదు."

"సార్, ఆమె పక్కనే ఉంది గదా. చెమట పట్టిందేమో మీరే చూడండి" అన్నాను.

"ఈ గదిలో ఎవరికీ పట్టదమ్మా" అన్నారు. వెటకారం కాదు, నిజమే చెప్పారు. దాంతో నాకు ఒళ్ళు మండిపోయింది.

నిర్ణయం సాయంత్రానికి పంపారు. నా సొంత వాక్యం ఒక్కటి కలపకుండా ఇక్కడ ఎత్తిరాస్తున్నాను. "మస్తాన్‌బీ మరణ ధ్రువపత్రమును పరిశీలించిన మీదట, సదరు కాలనీలో వేడి బాధితురాలు ఒకరు గలరని నిర్ధారణ అయినది. కావున చలవగది కొనసాగించవలెను."

గెలిచాం. ఒక్క బాధితురాలు దొరికింది మీకు. మీరు మళ్ళీ ఫోను చేస్తే "నేను బానే ఉన్నా" అని చెప్పలేనిది ఆమె ఒక్కతే.

నమోదు 8

గది తెరిచారు. సువార్త రోజూ వెళుతోంది. కళ్ళంలో ఆమెకు జత లేదు కాబట్టి, తూకం మానేసి నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వేళ్ళు తొడిమ మర్చిపోయాయి, మంటెక్కుతున్నాయి. "వదిన చేతులు మండుతున్నాయి, కాసేపు లేవనీ" అని మేస్త్రితో సువార్తే అంటోంది.

అర్జీ ముగిసింది, ఇక ఈ వివరం రాయక్కర్లేదు. కానీ ఇవాళ జరిగింది కూడా మీరు చదవాలి.

పత్తిమిల్లు వాడ నుంచి అక్కడి సంఘం కార్యదర్శి సలోమి కబురు పంపింది. వాళ్ళ గదినీ తీసేస్తున్నారట. ఈ ఏడు గెలిచింది మేమొక్కళ్ళమేనట. "మీ అర్జీ పంపక్కా, మా మరతో పేర్లు మార్చుకుంటాం" అంది.

గుమాస్తాను అడిగితే వెంటనే మార్గదర్శి ఒకటి తయారుచేసింది. 'విజయవంతమైన అభ్యంతరానికి మెలకువలు' అని పేరు పెట్టింది. అందులో మొదటి మెలకువ, తిరుగులేని ఆధారం జతచేయండి అని.

"ఏంది ఆ ఆధారం?" అన్నాను.

"మరణ ధ్రువపత్రం. నిర్ణయంలో ప్రస్తావించిన ఏకైక ఆధారం అదే" అంది. దానికి అబద్ధం చెప్పడం రాదు. ఆ రోజు కూడా నాకు అబద్ధం చెప్పలేదు, బాధ ఎవరిదో వారి పేరు మీదికే మార్చమంది. విననిది నేను.

మార్గదర్శిని చెరిపేయించి సలోమికి ఫోను చేశాను.

"మీ వాళ్ళు ఏం చెబుతున్నారు?" అన్నాను.

"ఏం చెప్తారక్కా. నాకు బానే ఉందంటే నాకు బానే ఉందంటారు. అందరూ పక్కింటి లూర్దమ్మ పేరే చెప్తున్నారు. నిన్నట్నించి లేవట్లేదంట. నాకు విసుగొచ్చేసింది. వాళ్ళ మాటలే 'నేను' అని మార్పిద్దామా?"

"మార్చబోకు. పలక పక్కన పెట్టు. లూర్దమ్మ ఇంటికి పో."

"పోతాలే అక్కా. ముందు అర్జీ సంగతి చెప్పు, గడువు దగ్గరపడింది."

"గడువు సంగతి తర్వాత చెప్తా. ఫోను పెట్టేయకుండా అట్టాగే పో."

ఏమనుకుందో, నడిచింది. ఆమె చెప్పుల చప్పుడు, ఎక్కడో కుక్క అరుపు వినిపించాయి. తర్వాత తలుపు కొట్టిన చప్పుడు. లోపల్నుంచి ఒక ఆడగొంతు సన్నగా, నేను బానే ఉన్నానమ్మా, పో అంది.

"బానే ఉందంటక్కా" అంది సలోమి.

"నమ్మబోకు" అన్నాను. "తలుపు తోసుకుని లోపలికి పో."